కాటా దగ్గర డెమో

మా ఆఫీసులో ఒకే ప్యాకింగ్ లిస్టు నాలుగు పేర్లతో ఉండేది. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘లేటెస్ట్ ఫైనల్’, ‘ఇదే పంపాలి’. ఒక సీజన్లో కంటైనర్‌తో పాటు వెళ్ళింది రెండోది. కాగితం మీదున్న బస్తాలకీ కంటైనర్లో ఉన్న బస్తాలకీ ఇరవై తేడా వచ్చింది. సరుకు చెన్నై పోర్టులో నాలుగు రోజులు ఆగింది, డెమరేజీ, అంటే ఆలస్య రుసుము, మేం కట్టుకున్నాం. ఇంతకీ ‘ఇదే పంపాలి’ అన్న ఫైలు ఎక్కడుందా అని వెతికితే, లోడింగ్ చూసే అబ్బాయి వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య దొరికింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఎగుమతుల పని చూసే ఉద్యోగి మానేశాడు. గొడవేమీ లేదు, స్వీట్లు పంచి మరీ వెళ్ళాడు. వారం తిరిగాక తెలిసింది, మలేసియా పార్టీతో రెండేళ్ళుగా నడిచిన మెయిళ్ళన్నీ అతని సొంత జీమెయిల్లోనే ఉన్నాయని. "అన్నా, రేటు ఒప్పుకున్న ఆ మెయిల్ ఒక్కసారి ఫార్వర్డ్ చెయ్యవా" అని మా అకౌంట్స్ కుర్రాడు ఫోన్ చేసి బతిమాలాడు. పంపాడు, పాపం. పంపనంటే మేం చేసేదేమీ లేదు.

"ఏదైనా మంచి సాఫ్ట్‌వేర్ చూడమ్మా" అన్నారు ఎండీ గారు.

మాది గుంటూరులో ఎండుమిర్చి ఎగుమతి చేసే మధ్యరకం కంపెనీ. మొత్తం 64 మందిమి, అందులో కుర్చీ, కంప్యూటరు ఉన్నవాళ్ళు 21 మంది. నేను అకౌంట్స్, అడ్మిన్ చూస్తాను. మాకు ఐటీ డిపార్ట్‌మెంట్ లేదు. ప్రింటర్ ఆగితే నన్నే పిలుస్తారు కాబట్టి ఇది కూడా నా నెత్తినే పడింది.

మెయిల్, ఫైళ్ళు, షీట్లు అన్నీ ఒకేచోట ఇచ్చే ఆఫీసు సాఫ్ట్‌వేర్ అమ్మడానికి డెమోలకు వచ్చిన ప్రతివాళ్ళ నోటా ‘ప్రొడక్టివిటీ’ అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. నాకు మొదటి రోజు నుంచీ ఆ మాట మీదే అనుమానం. మా పెద్ద గుమస్తా గారికి 61 ఏళ్ళు. యార్డులో కాయ చేత్తో విరిచి, ఒకసారి వాసన చూసి, కాయ రకం తేజానా 341నా, తాలు ఎంత కలిసింది, తేమ ఎంతుంది, అన్నీ చెప్పేస్తారు. ఆయన పని వేగం పెంచే సాఫ్ట్‌వేర్ ఇంకా పుట్టలేదు. పనిలో ఆలస్యం వల్ల మేం నష్టపోయింది తక్కువ. కంపెనీ కాగితాలు కంపెనీ దగ్గర లేకపోవడం వల్ల నష్టపోయాం. ఒకటి ఒకరి ఫోన్లో, ఒకటి ఇంకొకరి జీమెయిల్లో, ఒకటి పాడైపోయిన పెన్‌డ్రైవ్‌లో. వీటన్నిటినీ కంపెనీ పేరు మీదికి తెచ్చుకోవడానికి మాత్రమే మేం డబ్బు పెట్టాలి, మిగతా హంగులన్నీ ఉచితంగా వచ్చిన కరివేపాకు అని నా వాదన. ఈ వాదన మా ఆఫీసులో నెగ్గడానికి నాలుగు నెలలు పట్టింది.

ఎండీ గారి అబ్బాయి అమెరికాలో చదివొచ్చాడు. అతను మూడు కంపెనీలను పోలుస్తూ 74 వరసల ఎక్సెల్ షీటు తయారుచేశాడు. గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365, జోహో వర్క్‌ప్లేస్. దాదాపు ప్రతి గడిలోనూ టిక్కే. టిక్కులు లేకుండా ఎలా ఉంటాయి? జోహో రైటర్ వచ్చింది 2005లో. గూగుల్ మరుసటేడే కంపెనీల కోసం తన మెయిల్ సర్వీసు మొదలుపెట్టింది. ఆఫీస్ 365 వచ్చింది 2011లో. ఇన్నేళ్ళుగా ఒకరి వంట ఒకరు రుచి చూసుకుంటూ వండుతున్నారు. మెయిల్, డ్రైవ్, డాక్యుమెంటు, షీటు, వీడియో కాల్, క్యాలెండర్ ముగ్గురి దగ్గరా బాగానే ఉన్నాయి. మనలాంటి కంపెనీ వాడే పదోవంతులో తేడా కనిపెట్టడం కష్టం. ఆ 74 వరసల్లో ‘ఉద్యోగి మానేస్తే ఏమవుతుంది’ అన్న వరస ఒక్కటీ లేదు.

షీటు తేల్చలేకపోయేసరికి చర్చ ‘మన’ మీదికి మళ్ళింది. మైక్రోసాఫ్ట్ అయితే సత్య నాదెళ్ల ఉన్నాడు, హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు, మనవాడు అని ఎండీ గారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, అంటే 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, కేంద్ర మంత్రి అశ్విని వైష్ణవ్ జోహోకి మారానని ప్రకటించారు, అమిత్ షా తన మెయిల్ జోహోకి మార్చుకున్నారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల మెయిళ్ళు సుమారు 12 లక్షలు ఆ వేదిక మీదికి వెళ్ళాయని పేపర్లన్నీ రాశాయి. దాంతో ఎండీ గారి అబ్బాయి స్వదేశీ అయిపోయాడు. చెన్నై కంపెనీ, తెన్‌కాశి దగ్గర పల్లెలో ఆఫీసు పెట్టిన కంపెనీ, దానికివ్వకుండా సియాటెల్‌కి ఎందుకివ్వాలి అన్నాడు.

ఆ మాటను నేను తేలిగ్గా తీసెయ్యలేదు. 2025 జులైలో నయారా ఎనర్జీకి జరిగింది చూశాక తీసెయ్యలేం. గుజరాత్‌లోని వాడినార్‌లో పెద్ద రిఫైనరీ ఉన్న కంపెనీ అది. రష్యా చమురు సంస్థ రోస్‌నెఫ్ట్‌కి అందులో వాటా ఉందని యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెడితే, మైక్రోసాఫ్ట్ ఇక్కడ వాళ్ళ మెయిళ్ళు, టీమ్స్ ఆపేసింది. భారతదేశంలో పనిచేసే కంపెనీ, డబ్బు కట్టి వాడుకుంటున్న సర్వీసు. ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది, ఆ తర్వాత సేవలు తిరిగొచ్చాయి. చమురు కంపెనీకే ఆ గతి పట్టింది.

కానీ మిర్చి మీద ఎవరూ ఆంక్షలు పెట్టరు. మా అకౌంటు ఆగిపోవడానికి అంత పెద్ద కారణం అక్కర్లేదు, కార్డు చాలు. ఆటోమేటిక్‌గా కట్టే మొత్తం 15,000 దాటితే రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ప్రతిసారీ ఓటీపీ కొట్టాలి. మా ఏడాది బిల్లు అది దాటుతుంది. ఓటీపీ ఎండీ గారి ఫోన్‌కి వెళుతుంది. ఆయన ఆ పూట కొలంబో విమానంలో ఉంటే? దేశభక్తి, విదేశాంగ విధానం మాట్లాడుకున్నాక ఈ ప్రశ్న అడిగితే గదిలో అందరూ నా వైపు చిన్నచూపుగా చూశారు. అయినా ‘బిల్లు ఏ కార్డు మీద, ఓటీపీ ఎవరికి’ అన్నది ‘కంపెనీ ఏ దేశానిది’ అన్నదాని కంటే మాకు దగ్గరి ప్రమాదం అని ఇప్పటికీ అంటాను.

అప్పుడే నేను ఒక షరతు పెట్టాను. డెమో ఏసీ గదిలో వద్దు, గోడౌన్‌లో కాటా దగ్గర ఇవ్వాలి. వాడాల్సింది డెమో ఇచ్చేవాళ్ళు కాదు, మావాళ్ళు.

మిర్చి గోడౌన్‌లో కొత్తవాళ్ళు నిలబడటం ఎలా ఉంటుందో గుంటూరువాళ్ళకి చెప్పక్కర్లేదు. వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళలో ఒకతను అయిదు నిమిషాలకే తుమ్ములతో కళ్ళు ఎర్రగా చేసుకుని బయటికి పరిగెత్తాడు. హమాలీలు నవ్వారు. మా కాటా అబ్బాయి మజ్జిగ తెచ్చిచ్చాడు. నాకు కొంచెం జాలేసింది కానీ, ఆ అయిదు నిమిషాల్లో తెలిసింది ముందు నెలంతా తెలియలేదు.

పరీక్ష చాలా చిన్నది. కాటా స్లిప్పు ఫొటో తీసి, ఆ లాటు ఫోల్డర్లో పెట్టాలి. పెద్ద గుమస్తా గారు, కాటా అబ్బాయి, లోడింగ్ సూపర్‌వైజర్, ఈ ముగ్గురూ చెయ్యాలి. పక్కన నిలబడి నేను నోరు విప్పకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

కాటా అబ్బాయి ఫొటో చక్కగా తీశాడు. తీసి, అలవాటుగా వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. పెట్టాక నాలుక కరుచుకున్నాడు. గుమస్తా గారు కళ్ళద్దాలు సర్దుకుని, పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొట్టి, "ఏమ్మాయ్, ఇది కొట్టేలోపు నేను యార్డుకెళ్ళి లాటు కొనుక్కొస్తాను" అన్నారు. గ్లౌజు వేసుకున్న చెయ్యి, చెమట పట్టిన వేలు, కారం అంటిన స్క్రీన్. వేలిముద్ర పనిచెయ్యదు. ఈ సంగతి ఏ బ్రోచరులోనూ ఉండదు.

రెండో పరీక్ష కోల్డ్ స్టోరేజీలో. యార్డులో అమ్ముడుపోని సరుకూ, ధర కోసం ఆగిన సరుకూ అక్కడే ఉంటుంది. ఏసీ కాయలంటాం. ఆ గదుల గోడలు చల్లదనం బయటికి పోకుండా దళసరిగా కడతారు, లోపల ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. లోపల తీసిన ఫొటో ఫోన్లోనే వరసలో ఆగి, బయటికి రాగానే తనంతట తాను ఎక్కాలి. ‘ఆఫ్‌లైన్ సపోర్ట్’ అని 74 వరసల షీటులో మూడు టిక్కులున్నాయి. ఆ టిక్కు వెనక ఎంత తేడా ఉంటుందో లోపలికెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. ముందే తెరిచిపెట్టుకున్న ఫైలు చూడటం ఒక రకం ఆఫ్‌లైన్, కొత్తది చేర్చడం ఇంకో రకం. మీకు కోల్డ్ స్టోరేజీ లేకపోతే లిఫ్టులోనో సెల్లార్‌లోనో ఈ పరీక్ష పెట్టండి.

ఇక్కడ ఎక్సెల్ గురించి చెప్పాలి, ఎందుకంటే మా ఆఫీసులో అసలు యుద్ధం దాని మీదే జరిగింది. అకౌంట్స్‌లో మేం అయిదుగురం. మా ఆడిటర్ గారు ఎక్సెల్ తప్ప ఇంకోటి ముట్టుకోరు. పదేళ్ళ కిందట ఎవరో రాసిపెట్టిన మాక్రోలు, అంటే షీటులో లెక్కలు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు, కొన్ని ఉన్నాయి, అవి ఎలా పనిచేస్తాయో ఎవరికీ తెలియదు, కానీ పనిచేస్తాయి. గూగుల్ షీట్స్‌లో ఆ మాక్రోలు నడవవు, మళ్ళీ రాయించుకోవాలి. అంతమాత్రాన ఎక్సెల్‌కి నేను భక్తురాలిని కాను. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ కేసులు దాదాపు 16,000 లెక్కలోకి రాకుండా పోయాయి. పాత రకం ఎక్సెల్ ఫైలులో 65,536 వరసలు దాటితే మిగతాది పట్టదు, అది ఎవరూ గమనించలేదు. మా పాత లాట్ల రిజిస్టరు ఫైలు కూడా ఆ పాత రకమే. ఆ వార్త చదివిన రోజు పరుగెత్తి తెరిచి చూశాను. నలభై వేలు దాటి ఉంది.

చివరికి ఆ అయిదుగురికీ డెస్క్‌టాప్ ఎక్సెల్ అలాగే ఉంచాం. అందరికీ ఒకటే ఉండాలన్న పట్టుదల అమ్మేవాళ్ళకి లాభం, మనకేం లాభమో నాకు తోచలేదు. ట్యాలీని కూడా ముట్టుకోలేదు. 2023 ఏప్రిల్ నుంచి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదవ్వాలన్న నిబంధన ఉంది. ఆ పని అది చేస్తోంది, దాన్ని కదిపితే నాకు నిద్ర ఉండదు.

తెలుగు సంగతి ఏ డెమోలోనూ రాలేదు, నేనే తెచ్చాను. రైతుల దగ్గర నేరుగా కొనే సరుకుకి ఒప్పంద పత్రాలు, నోటీసులు తెలుగులో ఇస్తాం. ఏళ్ళ తరబడి డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించినవి. వాటిని కాపీ చేసి మెయిల్లో పెడితే తెలుగు పోయి పిచ్చి గీతలు వస్తాయి. ఆ ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలు కూర్చినవి కాబట్టి, ‘మిర్చి’ అని వెతికితే ఆ ఫైలు జన్మలో దొరకదు. ఏ కంప్యూటర్లోనైనా చదివే యూనికోడ్ అక్షరాల్లో తెలుగు 1991 నుంచీ ఉంది. డీటీపీవాళ్ళు మారలేదు, మేం అడగలేదు. ఇప్పుడు కొత్తవన్నీ యూనికోడ్‌లో కొట్టిస్తున్నాం. పాతవి పీడీఎఫ్ చేసి, పేరు మాత్రం వెతకడానికి వీలుగా పెట్టాం. గుమస్తా గారు ఫోన్లో మైకు నొక్కి తెలుగులో చెబితే అక్షరాలై పడుతున్నాయి. అది ఫోన్ కీబోర్డు చేసే పని, ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఉంటుంది. ఒక సేల్స్ అబ్బాయి మాత్రం అది తమ ప్రత్యేకత అని చెప్పబోయాడు.

ఆ రైతుల కాగితాల్లోనే ఇంకో గుబులుంది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ ఫొటోలు వందల కొద్దీ గుమస్తా గారి ఫోన్ గ్యాలరీలో, మనవరాలి పుట్టినరోజు ఫొటోల పక్కనే ఉండేవి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై చేశారు, అమలుకి కొంత గడువిచ్చారు. డేటాకి తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా వెళ్ళొచ్చు. మా మీద అంత వేస్తారని కాదు. ఆ ఫోన్ యార్డులో పోతే రైతుకి మేం ఏం సమాధానం చెబుతాం?

ఖర్చు తగ్గించడానికి అందరికీ తట్టే ఉపాయం మా ఎండీ గారికీ తట్టింది. "ఒక ఐడీ కొని అయిదుగురు వాడుకోండమ్మా." మనిషికి నెలకి ఇంత అని లెక్క కట్టే సరుకు కాబట్టి ఆ ఆలోచన సహజం. కానీ ఆ అయిదుగురిలో ఫైలు ఎవరు చెరిపారో తేలదు, లాగిన్ ఓటీపీ ఒక్కరి ఫోన్‌కే వస్తుంది, ఆ ఒక్కరూ యార్డు గోలలో ఉంటారు. నిజానికి ఎగుమతుల మెయిల్ ఐదుగురికీ కనబడాలంటే ఐడీ పంచుకోనక్కర్లేదు. గూగుల్‌లో గ్రూపు అడ్రసు పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్‌లో అయితే 50 జీబీ దాకా షేర్డ్ మెయిల్‌బాక్సుకి వేరే లైసెన్సు కట్టక్కర్లేదు. మనం అడిగేదాకా ఇవి ఎవరూ చెప్పరు. అలా లెక్క వేస్తే 64 కాదు, 30 ఐడీలతో సరిపోయింది.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టింది మాత్రం సాఫ్ట్‌వేరే కాదు. మా కంపెనీ డొమైను, అంటే మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు. తొమ్మిదేళ్ళ కిందట వెబ్‌సైట్ చేసిచ్చినతను దాన్ని తన సొంత మెయిల్ మీద రిజిస్టర్ చేశాడు. ఏటా ఆయనకి డబ్బు పంపుతున్నాం, ఆయన కడుతున్నాడు. ఇప్పుడాయన కెనడాలో ఉన్నాడు, ఓటీపీ వెళ్ళే నంబరు ఎప్పుడో ఆపేశాడు. మా పేరున్న బోర్డు మాది కాదన్నమాట. దాన్ని మా పేరు మీదికి మార్చుకోవడానికి మూడు వారాలు, పాన్ కార్డు కాపీలు, రాత్రి పదకొండింటికి కెనడాకి ఫోన్లు. డొమైను మన చేతిలో ఉంటే మెయిల్ ఎవరి దగ్గరున్నా ఫరవాలేదు. ఎంఎక్స్ రికార్డు అనే చిరునామా చీటీ మారిస్తే రేపటి మెయిళ్ళు ఇంకో కంపెనీ పెట్టెలో పడతాయి, కొనుగోలుదారుకి తేడా కూడా తెలియదు. అది చేతిలో లేనివాళ్ళు ఏది మంచిదని మూడు సర్వీసులను పోల్చుకోవడం, దస్తావేజు లేని స్థలంలో ఏ రంగు వెయ్యాలని ఆలోచించడం లాంటిది.

బయటికి ఎలా వెళతాం అన్న ప్రశ్నా అందరినీ అడిగాను. మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో విండోస్ వదలాలని తీర్మానించి, పదేళ్ళు పట్టి సుమారు 15,000 కంప్యూటర్లను లినక్స్‌కి మార్చి, 2017లో మళ్ళీ విండోస్‌కే పోదామని ఓటేసింది. అంత పెద్ద ఊరికే అన్నేళ్ళు పడితే, వెళ్ళే దారి ముందే చూసుకోవడం తప్పు కాదు. చిన్న ఉదాహరణ: కంప్యూటర్లో కనిపించే గూగుల్ డాక్ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే అందులో మేటర్ ఉండదు, లింకు మాత్రమే ఉంటుంది. డౌన్‌లోడ్ చేస్తే వర్డ్ ఫైలుగా వస్తుంది. ఈ ముక్క తెలియక బ్యాకప్ ఉందనుకుని నిశ్చింతగా ఉన్నవాళ్ళు చాలామందే ఉంటారు.

ఏఐ గురించి కూడా చెప్పారు. మీటింగులో మాట్లాడింది సారాంశం తీసిస్తుందట. మా మీటింగులు కాటా పక్కన నిలబడి, లారీ హారన్ల మధ్య జరుగుతాయి.

ఇంతకీ గూగుల్ తీసుకున్నాం. కారణం చెబితే ఎండీ గారి అబ్బాయి ఇప్పటికీ నొచ్చుకుంటాడు. 30 మందిలో 28 మంది చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది, ఆ యాప్‌లు ముందే అందులో ఉన్నాయి, గుమస్తా గారు వాటి బొమ్మలు గుర్తుపడతారు. అంతే. ఆఫీసంతా ఎక్సెల్ మాక్రోల మీద నడిచే కంపెనీ అయితే మైక్రోసాఫ్ట్ అనేదాన్ని. పదిమందికి మెయిల్ మాత్రం చాలనుకుంటే జోహో. ఏది కొన్నా ఫైలు ఓనరు ఎవరన్నది అడిగి కొనండి. ఉద్యోగి ‘మై డ్రైవ్’లో పెడితే ఓనరు అతని ఐడీ. షేర్డ్ డ్రైవ్‌లో పెడితే ఓనరు కంపెనీ. మేం డబ్బు పెట్టింది ఈ ఒక్క వాక్యానికే.

వాట్సాప్ పోలేదు. పోతుందని నేను అనుకోనూ లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలు వాట్సాప్‌లో పెట్టింది. నేనెవరిని వద్దనడానికి? "లారీ బయల్దేరింది" అన్న కబురు గ్రూపులోనే రానివ్వండి. బ్యాంకుకీ కస్టమ్స్‌కీ ఆడిటర్‌కీ వెళ్ళే కాగితం మాత్రం డ్రైవ్ నుంచే వెళ్ళాలి, వాట్సాప్‌లో వచ్చిన ప్యాకింగ్ లిస్టు మీద నేను సంతకం పెట్టను. ఈ ఒక్క నియమం పట్టుకున్నాక ‘లేటెస్ట్ ఫైనల్’లు వాటంతటవే తగ్గాయి.

కొత్త చిక్కు ఒకటి మేమే తెచ్చుకున్నాం. ఒకే ఫోన్లో సొంత అకౌంటు, కంపెనీ అకౌంటు రెండూ ఉంటే మావాళ్ళు చూసుకోకుండా కాటా స్లిప్పులు సొంతదాంట్లో ఎక్కించేవాళ్ళు. అందుకని కంపెనీ ఐడీలన్నిటికీ ఎర్ర మిరపకాయ ఫొటో పెట్టాను. "పైన మిరపకాయ ఉందా బాబాయ్ గారూ?" అని అరిస్తే గుమస్తా గారు గోడౌన్ అవతల నుంచి "ఉందమ్మా" అంటారు. ట్రైనింగు మొత్తం అంతే.

మారడానికి మేం యార్డు వేసవి సెలవులు ఎంచుకున్నాం. మే నెలలో యార్డు మూసినప్పుడు అందరికీ కాస్త ఊపిరాడుతుంది. అది సరిగ్గానే చేశాం. డబ్బు మాత్రం తొందరపడి మార్చిలో కట్టేశాను, రెండు నెలలు వాడకుండానే పోయాయి. దానికి తోడు ఏటా రెన్యువల్ మార్చిలోనే వస్తుంది. యార్డుకి రోజూ లక్ష టిక్కీలు, అంటే బస్తాలు, వచ్చే రోజులు, ఎండీ గారు ఫోన్ ఎత్తని రోజులు. ఓటీపీ ఆయనకే వెళుతుంది. ఫిబ్రవరి ఆఖర్లో ఆయన టేబుల్ మీద చీటీ పెట్టాలని డైరీలో రాసుకున్నాను. డైరీ అంటే కాగితం డైరీయే.